ఇంటర్నల్ ఆడిట్‌ని సర్టిఫికెట్ కోసం మమ అనిపించే యాజమాన్యాలకు ఒక ఇంటర్నల్ ఆడిటర్ బహిరంగ లేఖ

కంపెనీల యాజమాన్యాలకు, క్వాలిటీ హెడ్‌లకు, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల ఆడిటర్లకు,

నమస్కారం.

నేను ఇంటర్నల్ ఆడిటర్‌ని, కంపెనీలో పనులు రాసుకున్న పద్ధతి ప్రకారం జరుగుతున్నాయా అని లోపలి నుంచే చూసేవాడిని. నా అసలు ఉద్యోగం వేరే ఉంది, ఆడిట్ అనేది దాని మీద ఎక్కించిన ఎక్స్‌ట్రా డ్యూటీ. మీ దగ్గర కూడా నాలాంటివాళ్ళు ఉండే ఉంటారు, ఆడిట్ వారం వచ్చినప్పుడు మాత్రమే గుర్తొస్తారు. ఇక్కడ రాస్తున్నవన్నీ ముందు లోపలే చెప్పాను. మెయిల్ పెట్టాను, మేనేజ్‌మెంట్ రివ్యూ మీటింగ్‌లో చెప్పాను, మినిట్స్‌లో "నోటెడ్" అని రాసుకుని తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోయారు. ఆ తర్వాతి మీటింగ్‌లో ఆ "నోటెడ్" గురించి అడిగిన నాథుడు లేడు. అందుకే బయట రాస్తున్నా. కంపెనీ పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరం కూడా కనపడట్లేదు, ఎందుకంటే వేరే చోట్ల ఆడిట్లు చేసే ఫ్రెండ్స్‌ని కదిపితే అందరూ ఇదే కథ చెప్తున్నారు.

ముందు స్టాండర్డ్ ఏం అడుగుతుందో చూద్దాం, ఎందుకంటే "ఐఎస్ఓ వాళ్ళు అడుగుతారు కాబట్టి చేస్తున్నాం" అనే మాట దగ్గరే సగం గొడవ ఉంది. క్వాలిటీ పద్ధతులకి అంతర్జాతీయ స్టాండర్డ్ అయిన ఐఎస్ఓ 9001 2015 ఎడిషన్‌లో, ఇంటర్నల్ ఆడిట్ గురించిన క్లాజ్ 9.2 తీయండి, మొత్తం చదవడానికి ఐదు నిమిషాలు పట్టదు. ప్లాన్ ప్రకారం నిర్ణీత వ్యవధుల్లో ఆడిట్ చేయమంటుంది. ఆ ప్లాన్ వేసేటప్పుడు మూడు విషయాలు లెక్కలోకి తీసుకోమంటుంది: ఏ ప్రాసెస్ ఎంత ముఖ్యం, సంస్థలో ఏం మారింది, పోయినసారి ఆడిట్లలో ఏం బయటపడింది. ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ ఏడాదికి ఒకసారి తలా ఒక పూట అని అందులో ఎక్కడా లేదు, అది మనం పెట్టుకున్న అలవాటు. ఆడిట్ ప్రోగ్రామ్‌ని ఎలా నడపాలో చెప్పే గైడ్‌లైన్ ఐఎస్ఓ 19011 వేరే ఉంది, దాంట్లో 5వ క్లాజ్ మొత్తం ఇదే. 2018లో దాన్ని తిరగరాసినప్పుడు ఆడిటింగ్ సూత్రాల్లో ఏడోదిగా రిస్క్ ఆధారంగా ఆలోచించడాన్ని చేర్చారు. అంటే రిస్క్ ఎక్కువున్న చోటికి ఎక్కువసార్లు, ఎక్కువసేపు వెళ్ళమని. ఇంత క్లియర్‌గా ఉన్నా మన దగ్గర జరుగుతున్నది ఏంటో కింద రాస్తున్నా.

1. ప్లాన్ కాపీ కొట్టడం. పోయినేడాది ఎక్సెల్ షీట్ తెరిచి, సంవత్సరం మార్చి, ఉద్యోగం మానేసినవాళ్ళ పేర్లు తీసేసి, కొత్తవాళ్ళ పేర్లు పెట్టి సేవ్ చేస్తారు, అయిపోయింది ఆడిట్ ప్రోగ్రామ్. ఈలోపు ప్రొడక్షన్‌లో కొత్త మెషిన్ వచ్చింది, స్టోర్స్‌లో సాఫ్ట్‌వేర్ మారింది, ప్యాకింగ్ బయటివాళ్ళకి ఇచ్చేశారు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న సూపర్‌వైజర్ రిటైర్ అయిపోయాడు, వీటిలో ఒక్కటీ ఆ షీట్‌కి తెలీదు. కస్టమర్ కంప్లైంట్లు వరసగా వస్తున్న లైన్‌కీ, ఏళ్ళ తరబడి ఏ గొడవా లేని స్టేషనరీ కొనుగోలుకీ ఒకే సమయం.

ఇంకో సంగతి, ఆడిట్లన్నీ పగలే. రాత్రి షిఫ్ట్ అనేది ఒకటుందని మన ఆడిట్ రికార్డులు చూస్తే ఎవరికీ తెలీదు. ఆటోమొబైల్ రంగం వాళ్ళ ఐఎటిఎఫ్ 16949లో మాన్యుఫ్యాక్చరింగ్ ప్రాసెస్ ఆడిట్ అన్ని షిఫ్టుల్లో చేయాలనీ, షిఫ్ట్ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌ని కూడా శాంపిల్‌గా చూడాలనీ విడిగా రాశారు. హ్యాండోవర్ మీద ఎందుకంత పట్టింపు అంటే 1988 జులై 6న నార్త్ సీలో పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ ప్లాట్‌ఫారంలో ఏం జరిగిందో చూడండి. ఒక పంపు రిలీఫ్ వాల్వ్‌ని పగటి షిఫ్ట్‌లో మెయింటెనెన్స్ కోసం తీశారు, ఆ సంగతి రాత్రి షిఫ్ట్‌కి చేరలేదు, రెండో పంపు ఆగిపోయేసరికి వాళ్ళు ఈ పంపునే ఆన్ చేశారు, గ్యాస్ లీకై పేలింది. 167 మంది చనిపోయారు. తర్వాత లార్డ్ కల్లెన్ విచారణ రిపోర్ట్ 1990లో వచ్చింది. పర్మిట్ టు వర్క్, అంటే ప్రమాదకరమైన పనికి ముందు రాతపూర్వక అనుమతి తీసుకునే పద్ధతిలో లోపాలు అప్పటికే ఉన్నాయి, దాని మీద చెకింగ్‌లూ ఆడిట్లూ నడుస్తూనే ఉన్నాయి, కానీ ఆ లోపాలు పైకి రాలేదు. చెడ్డ వార్త రావట్లేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నారు పైవాళ్ళు. ఈ చివరి ముక్క మళ్ళీ ఒకసారి చదవండి, ఎందుకంటే మీ డాష్‌బోర్డులో ఇంటర్నల్ ఆడిట్ పక్కన ఆకుపచ్చ రంగు చూసి మీరు అనుకునేది కూడా అదే.

2. ఆడిటర్‌గా ఎవరిని వేస్తున్నారు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళని. ఐఎస్ఓ 9001 2008 ఎడిషన్‌లో "ఆడిటర్లు తమ పనిని తామే ఆడిట్ చేయకూడదు" అని సూటిగా ఉండేది, 2015లో ఆ వాక్యం తీసేసి ఆడిట్ నిష్పక్షపాతంగా జరిగేలా ఆడిటర్లని ఎంచుకోమన్నారు. నిజానికి ఇది ఇంకా కష్టమైన షరతు, కానీ మనం దాన్ని సడలింపు అనుకున్నాం. రెండేళ్ళ సర్వీసున్న కుర్రాడిని పంపి, రేపు తన అప్రైజల్‌లో కూర్చోబోయే హెడ్ డిపార్ట్‌మెంట్‌ని ఆడిట్ చేయమంటే వాడు ఏం రాస్తాడు చెప్పండి? ఇక ఇద్దరూ సమానమైన హోదా వాళ్ళైతే ఒప్పందం ఇంకా సుళువు, నీ దాంట్లో నేను చూసీచూడనట్టు పోతా, నా దాంట్లో నువ్వూ అలాగే పో.

3. రాసిన ఎన్‌సీ (నాన్-కన్ఫార్మిటీ, అంటే స్టాండర్డ్ అడిగింది జరగలేదని ఆడిటర్ రాసే లోపం) మారిపోవడం. నా అసలు బాధ ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా, ఓపిక పట్టండి. ఆడిటర్ ఫీల్డ్‌లో చూసి, రికార్డ్ నంబర్‌తో సహా ఆధారం రాసుకుని, ఫలానా అవసరం తీరలేదు అని ఎన్‌సీ రాస్తాడు. క్లోజింగ్ మీటింగ్‌కి ముందు ఒక ఫోన్ వస్తుంది. "ఇది మేజర్ ఎందుకు, మైనర్ చెయ్యి." సాయంత్రానికి మైనర్ కాస్తా అబ్జర్వేషన్ అవుతుంది. రిపోర్ట్ టైప్ అయ్యేలోపు అది "మెరుగుదలకి అవకాశం" అవుతుంది, ఫైనల్ కాపీలో వెతికితే అసలు ఉండదు, అడిగితే "నోటితో చెప్పేశాం కదా, సరిచేసుకుంటారులే" అంటారు.

ఎవరో చెడ్డవాళ్ళు ఉండి ఇలా చేస్తున్నారని నేను అనట్లేదు. ఎన్‌సీల సంఖ్యని మీరు డిపార్ట్‌మెంట్ స్కోర్‌లో పెట్టారు. సున్నా వచ్చినవాళ్ళకి చప్పట్లు, ఎక్కువ వచ్చినవాళ్ళకి అందరి ముందూ క్లాసు. అలాంటప్పుడు ఏ హెడ్ అయినా ఎన్‌సీ రాకుండానే చూసుకుంటాడు, అందులో తప్పేముంది, మీరు అడిగింది అదే కదా. ఆడిట్ వస్తోందంటే వారం ముందు నుంచీ రికార్డులు నింపడం, పాత తేదీలతో సంతకాలు, ఆడిటర్ వచ్చినప్పుడు ఎవరు మాట్లాడాలో ఎవరు మాట్లాడకూడదో రిహార్సల్. ఆపరేటర్‌కి ముందే చెప్పి పెడతారు "అడిగిందానికి మాత్రమే సమాధానం చెప్పు" అని. పాపం ఆ మనిషికి తన మెషిన్ దగ్గర ఏం తేడాగా ఉందో అందరికంటే బాగా తెలుసు, చెప్పాలని కూడా ఉంటుంది, చెప్తే సూపర్‌వైజర్‌కి చెడ్డ పేరు, ఆ చెడ్డ పేరు తిరిగి తన షిఫ్ట్ డ్యూటీల మీదకి వస్తుంది. కాబట్టి నోరు మూసుకుంటాడు. అక్కడ పోయిన సమాచారం ఏ చెక్‌లిస్ట్‌తోనూ తిరిగి రాదు.

4. క్లోజ్ చేసే పద్ధతి. మన కాపా ఫారాలు (లోపానికి మూల కారణం ఏంటో, మళ్ళీ రాకుండా ఏం చేశామో రాసేవి) ఒక పది తీసి వరసగా చదవండి, మొహం చిట్లించుకోకుండా చదవగలిగితే గొప్పే. రూట్ కాజ్: ఆపరేటర్ అజాగ్రత్త. కరెక్టివ్ యాక్షన్: ట్రైనింగ్ ఇచ్చాం. సాక్ష్యం: అటెండెన్స్ షీట్. స్టేటస్: క్లోజ్డ్. తర్వాతి ఆడిట్‌లో అదే ఎన్‌సీ, అదే రూట్ కాజ్, అదే ట్రైనింగ్. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఒక ఉదాహరణ చెప్తా. లైన్‌లో కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా చూపిస్తోందా అనే పరీక్ష) గడువు దాటిపోయిన గేజ్, అంటే కొలిచే పరికరం, ఒకటి వాడకంలో దొరికింది అనుకోండి. దాన్ని పక్కన పెట్టేసి వేరేది ఇవ్వడం కరెక్షన్ మాత్రమే, అప్పటికి మంట ఆర్పినట్టు. అసలు ఆ గేజ్ కాలిబ్రేషన్ లిస్ట్‌లో ఎందుకు లేదు అని అడిగితే అప్పుడు తెలుస్తుంది, అది వేరే లైన్ నుంచి తెచ్చుకున్నది, లైన్ మారినప్పుడు లిస్ట్ మార్చే బాధ్యత ఎవరికీ ఇవ్వలేదు అని. ఆ బాధ్యత ఒకరికి ఇచ్చి, అలా చేతులు మారిన మిగతా గేజ్‌లన్నీ వెతికితే అది కరెక్టివ్ యాక్షన్. అక్కడితో అయిపోలేదు. ఆ గేజ్‌ని కాలిబ్రేషన్‌కి పంపితే అది తప్పు చూపిస్తోందని తేలితే, ఇన్నాళ్ళూ దాంతో కొలిచి పాస్ చేసిన ముక్కల సంగతేంటి? ఐఎస్ఓ 9001లో 7.1.5.2 క్లాజ్ ఈ ప్రశ్న అడగమని స్పష్టంగా చెప్తుంది. మన ఫారంలో దానికి గడి కూడా లేదు, ట్రైనింగ్ ఇచ్చాం అని రాయడానికి మాత్రం పెద్ద గడి ఉంది.

దీని ఫలితం ఎవరి మీద పడుతుంది? ఆ పార్ట్ ఉన్న వస్తువు కొనుక్కున్నవాడి మీద పడుతుంది, వాడికి మన ఆడిట్ సంగతులేవీ తెలీవు, సర్టిఫికెట్ ముద్ర చూసి నమ్మాడు. మెమో తీసుకున్న ఆపరేటర్ మీద పడుతుంది, తను చేయని తప్పుకి సర్వీస్ రికార్డులో మచ్చ. రిజెక్ట్ అయిన మాల్‌ని సెలవు రోజున వచ్చి ఒక్కొక్కటీ ఏరే కాంట్రాక్ట్ వర్కర్ల మీద పడుతుంది.

పెద్ద ప్రమాదాల చరిత్రలో కూడా ఇదే కనిపిస్తుంది. 2005 మార్చి 23న అమెరికాలో బీపీ టెక్సస్ సిటీ రిఫైనరీ పేలి 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. ఆ తర్వాత విచారణకి వేసిన బేకర్ ప్యానెల్ 2007 జనవరిలో రిపోర్ట్ ఇచ్చింది. ఆడిట్లలో, ఇన్‌స్పెక్షన్లలో బయటపడ్డ ప్రాసెస్ సేఫ్టీ లోపాల్ని కంపెనీ కొన్నిసార్లు వెంటనే పట్టించుకోలేదు, పూర్తయ్యేదాకా ట్రాక్ చేయలేదు అని అందులో ఉంది. ఆడిట్లు కూడా ముఖ్యంగా రూల్ ప్రకారం సిస్టమ్ ఉందా లేదా చూశాయి తప్ప ఆ సిస్టమ్ వల్ల భద్రత నిజంగా వస్తోందా అని చూసినట్టు కనపడట్లేదని కూడా రాశారు. మనది రిఫైనరీ కాదు కదా అని అనకండి. ఫారం నింపి క్లోజ్ కొట్టే అలవాటు అన్నిచోట్లా ఒకటే, ఏం పేలుతుందనేదే తేడా.

5. మేనేజ్‌మెంట్ రివ్యూ. ఆడిట్ ఫలితాలు దీనికి తప్పనిసరి ఇన్‌పుట్ అని ఐఎస్ఓ 9001లో 9.3.2 క్లాజ్ చెప్తుంది. మన దగ్గర అది ఒక పై చార్ట్, ఎన్ని ఓపెన్, ఎన్ని క్లోజ్. ఏ లోపం మళ్ళీ మళ్ళీ వస్తోంది, దేనికి డబ్బు కావాలి, దేనికి మనిషి కావాలి అనే మాట రాదు. డబ్బు ఇవ్వలేమని చెప్పాల్సి వస్తే అది మినిట్స్‌లో పడాలి, ఆ ఇబ్బంది ఎందుకని ఎవరూ ఆ ప్రశ్న ఎత్తరు.

6. ఇది సర్టిఫికేషన్ ఆడిటర్లకి. మీరు ప్రతి సర్వేలెన్స్ ఆడిట్‌లో (సర్టిఫికెట్ ఇచ్చాక మధ్యమధ్యలో వచ్చి చూసేది) ఇంటర్నల్ ఆడిట్లూ మేనేజ్‌మెంట్ రివ్యూ చూడాలని మీ సొంత రూల్ ఐఎస్ఓ/ఐఇసి 17021-1లోనే ఉంది. మీరు చూస్తున్నది ఫైల్ ఉందా, తేదీలు కలిశాయా, సంతకాలు ఉన్నాయా. కంప్లైంట్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని, ఇన్ని కంప్లైంట్లు వచ్చిన ప్రాసెస్‌లో ఇంటర్నల్ ఆడిట్‌కి ఒక్క ఎన్‌సీ కూడా ఎలా దొరకలేదు అని మీరు ఒక్కసారి అడిగి ఉంటే ఈ లేఖ రాసే పని ఉండేది కాదు.

మీ వైపు వాదన కూడా నాకు తెలుసు. మనుషులు లేరు, టైం లేదు, టార్గెట్లు ఉన్నాయి. నిజమే. అందుకే నేను ఆడిట్లు పెంచమని అడగట్లేదు, చాలావాటిని తగ్గించేయండి. రిస్క్ లేని చోట, మార్పు లేని చోట, పోయినసారి శుభ్రంగా ఉన్న చోట ఆడిట్ గ్యాప్ పెంచుకోండి, ఎందుకు పెంచారో రాసి పెట్టుకోండి, స్టాండర్డ్ అడ్డు చెప్పదు. ఆ మిగిలిన గంటలు తీసుకెళ్ళి గొడవున్న చోట పెట్టండి. తూతూ మంత్రంగా చేసే ఇరవై ఆడిట్ల కంటే లోతుగా చేసే ఐదు నాకు చాలు.

ఇక మేము అడుగుతున్నవి:

1. ఆడిట్ ప్రోగ్రామ్‌కి పేరున్న ఒక బాధ్యుడిని పెట్టండి, అతను నేరుగా టాప్ మేనేజ్‌మెంట్‌కి రిపోర్ట్ చేయాలి. ఆడిటర్లు ఆడిట్ మీద పెట్టే గంటలు పనిగంటల్లో లెక్కపెట్టండి. పొద్దున ఆడిట్ చేసి రాత్రి కూర్చుని సొంత పని పూర్తి చేసుకునేవాడు లోతుగా చూడలేడు.

2. ప్లాన్‌ని మూడు నెలలకోసారి తిరగరాయండి. కొత్త మెషిన్, కొత్త సప్లయర్, సీరియస్ కంప్లైంట్, ముఖ్యమైన మనిషి వెళ్ళిపోవడం, వీటిలో ఏది జరిగినా షెడ్యూల్ కోసం ఆగకుండా ఆడిట్ పెట్టాలి. రాత్రి షిఫ్ట్, హ్యాండోవర్ తప్పకుండా ఉండాలి.

3. ఎన్‌సీల సంఖ్యని డిపార్ట్‌మెంట్ స్కోర్ నుంచి, అప్రైజల్స్ నుంచి వెంటనే తీసేయండి. స్కోర్ పెట్టాలనే ఉంటే అదే ఎన్‌సీ మళ్ళీ వచ్చిందా, గడువు ఎంత దాటింది, డిపార్ట్‌మెంట్ తనంతట తాను ఎన్ని లోపాలు బయటపెట్టుకుంది అనేవి పెట్టండి. చివరిదానికి మార్కులు ఎక్కువ ఇవ్వండి. మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్కటి చేయండి, దీంతో చాలా ముడులు వాటంతటవే విడిపోతాయి.

4. ఆడిటర్ రాసిన ఎన్‌సీని తగ్గించాలన్నా తీసేయాలన్నా ఎవరు, ఎందుకు అనేది రాతపూర్వకంగా ఉండాలి, ఆడిటర్ ఒప్పుకోకపోతే అతని మాట కూడా రిపోర్ట్‌లో ఉండాలి. ఫోన్ల మీద మార్చడం ఆపండి. ఇందుకోసం ఏ ఆడిటర్‌నీ ఇబ్బంది పెట్టకూడదు.

5. "ఆపరేటర్ తప్పు" అని రాసిన రూట్ కాజ్‌ని, ఆ తప్పు చేయడం ఎందుకు సాధ్యమైంది అనే తర్వాతి ప్రశ్నకి జవాబు లేకుండా తీసుకోవద్దు. క్లోజ్ చేశాక కొన్నాళ్ళు ఆగి, యాక్షన్ తీసుకున్నవాళ్ళు కాకుండా వేరే మనిషి ఫీల్డ్‌కి వెళ్ళి అది పనిచేసిందో లేదో చూడాలి. అటెండెన్స్ షీట్ సాక్ష్యం కాదు.

6. గడువు దాటిన ఎన్‌సీల లిస్ట్ నెలనెలా సంస్థలో అందరికంటే పై మనిషి టేబుల్ మీదకి రావాలి, డబ్బు లేకో మనిషి లేకో ఆగితే ఆ మాట కింద ఆయన సంతకం ఉండాలి.

7. ఫలితాలు కింద పనిచేసేవాళ్ళకి చెప్పండి. సేఫ్టీ స్టాండర్డ్ ఐఎస్ఓ 45001లో సంబంధించిన ఆడిట్ ఫలితాలు వర్కర్లకీ వాళ్ళ ప్రతినిధులకీ చెప్పాలని ఇప్పటికే ఉంది, క్వాలిటీ విషయంలో కూడా అదే పాటిస్తే వచ్చే నష్టం ఏముంది?

8. ప్రోగ్రామ్‌నే రివ్యూ చేయండి, 19011 కూడా అదే చెప్తుంది. సులువైన టెస్ట్ ఒకటుంది. ఏడాది కంప్లైంట్లు, రిజెక్షన్లు, ప్రమాదాలు ఒక కాలమ్‌లో, అదే ప్రాసెస్‌లకి ఇంటర్నల్ ఆడిట్ ఏం చెప్పిందో పక్క కాలమ్‌లో రాయండి. కంప్లైంట్లు ఉన్న చోట ఎన్‌సీలు సున్నా ఉంటే ఆ ఆడిట్ ఎవరు, ఎంతసేపు, ఎవరిని అడిగి చేశారో వెతకండి. ఇది ఒక మధ్యాహ్నం పని, దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కన్సల్టెంట్ అసలే అక్కర్లేదు.

ఈ ఎనిమిదింటినీ వచ్చే మేనేజ్‌మెంట్ రివ్యూ అజెండాలో చివరి "ఇతర అంశాలు" కింద కాకుండా మొదట పెట్టండి. ఒక్కోదానికి ఒప్పుకుంటున్నాం, ఫలానా తేదీకి చేస్తాం, బాధ్యులు ఫలానా అని రాయండి. కుదరదు అనుకుంటే కుదరదు అనే రాసి కారణం చెప్పండి, దాని మీద మాట్లాడుకుందాం. ఈసారి "నోటెడ్" అని రాస్తే మాత్రం ఆ మినిట్స్ కాపీని సర్వేలెన్స్‌కి వచ్చిన ఆడిటర్ ముందు పెట్టి, 9.2లో ఆలస్యం లేకుండా సరిచేయాలన్న మాట అక్కడే చదివి వినిపిస్తాం.

ఇట్లు,
మీ ఇంటర్నల్ ఆడిటర్లలో ఒకరు